కాపా బామ్మ కచేరీకి వచ్చింది

తాస్యా రోచెవాకి ఈ కచేరీల పిచ్చి ఎక్కడ అంటుకుందో వాళ్లింట్లో ఎవరికీ అంతుపట్టలేదు. తండ్రి ఉత్తరాన ఇజ్మా నది అవతల రెయిన్‌డీర్ల మంద వెంట తిరిగే మనిషి. తల్లి ఆ తోళ్లతో బూట్లు కుడుతుంది. వాళ్లకి పాటంటే పెళ్లిళ్లలో నాలుగు గుక్కలు పడ్డాక గొంతు చించుకునేదే. అలాంటి ఇంటిపిల్ల అడవుల చదువు కోసం సిక్తివ్‌కర్ నగరానికి వచ్చి, వారమంతా చెట్ల తెగుళ్ల గురించి బట్టీ పట్టి, శుక్రవారం సాయంత్రమయ్యేసరికి జడ బిగించుకుని కచేరీ హాలు మెట్లెక్కేది. శనివారం సంత. ఆదివారం పగలు బ్యాలే. మూడో ఏడు వచ్చేసరికి ఆ వరుస తప్పితే ఆమెకి ఒంట్లో నలతగా ఉన్నట్టుండేది.

ఆ వరుస పడటానికి కారణం తాస్యా ఉంటున్న ఇంటావిడ. పేరు కాపితోలినా యెగోరొవ్నా. కిరుల్ పేటలో అందరికీ కాపా. ఒక పాత చెక్క మేడలో పై వాటా ఆమెది. ముప్పై ఏళ్లకు పైగా బ్యాలే థియేటర్లో తెర వెనక పని చేసింది. నర్తకీమణులకు దుస్తులు తొడగడం, చిరిగినవి కుట్టడం, ఏడ్చేవాళ్లకి ముక్కు తుడిచి మళ్లీ రంగం మీదికి తోయడం ఆమె పని. కిందటి చలికాలం గడ్డకట్టిన మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ మేడమెట్లు దిగే ధైర్యం మాత్రం అతకలేదు. అప్పట్నుంచి కిందికి దిగలేదు. తాస్యా వీధి పంపు నుంచి నీళ్లు మోసి, కట్టెలు తెచ్చి, పొయ్యి రాజేసి పెట్టేది. దానికి బదులుగా ఒక గది, పాత స్నేహితుల ద్వారా వచ్చే ఉచిత ప్రవేశం.

"నా కాళ్లు ఎలాగూ పోయాయి. నీ కాళ్ల మీద నేను వెళ్తా," అనేది కాపా. "కళ్లు తెరుచుకుని చూసిరా. ఒక్కటీ వదలకుండా చెప్పు."

తాస్యా తిరిగొచ్చి సంగీతం ఎంత గొప్పగా ఉందో మొదలుపెడితే చెయ్యి విసిరేసేది. "పాట సంగతి నాకెందుకే? ఎవరి గౌను అంచు వేలాడిందో అది చెప్పు. మొదటి వరుసలో ఎవరు కునుకు తీశారో చెప్పు."

ఆ ఏడు నవంబరు సగంలోనే చలి గోళ్లు దించింది. ఇళ్ల పైన పొగలు నిటారుగా స్తంభాల్లా నిలబడిపోయాయి. రోజుకి ఒకసారి వెలిగించే పొయ్యిని ఉదయం, సాయంత్రం రెండుసార్లు వెలిగించాల్సి వచ్చింది. కట్టెలు కాలి నిప్పులయ్యాక, వేడి పైకి పోకుండా పొగగొట్టంలో ఇనుప బిళ్లని అడ్డంగా తోసేసేది తాస్యా. ఇద్దరికీ ఆ వారం తలనొప్పి పట్టుకుంది. కాపా దానికి కారణం వాతావరణం అంది. ఆమె లెక్కలో పాలు విరిగినా, పిల్లి అలిగినా వాతావరణమే.

శుక్రవారం కచేరీలో నలుగురు వాయిద్యగాళ్లు, వెనక ఒక చిన్న గాయక బృందం. తాస్యా గోడ పక్కన మడత కుర్చీలో కూర్చుంది. మొదటి పాట సగం అయ్యేసరికి ఆమె చూపు ఎందుకో మూడో వరుస చివరికి వెళ్లింది. అక్కడ ఒక తల కనిపించింది. నెరిసిన ముడి, ముడిలో తాబేటిచిప్ప దువ్వెన, భుజాల మీద కుచ్చుల అంచున్న గోధుమరంగు శాలువ. దువ్వెనకి ఒక పన్ను విరిగి ఉంది. ఆ దువ్వెన తాస్యాకి బాగా తెలుసు. ఆ రోజు పొద్దున దాంతో తనే కాపా ముడి సర్దింది.

అలాంటి దువ్వెన ఇంకొకరికి ఉండకూడదా అనుకుంది. కానీ ఆ తల పాటకి తగ్గట్టు ఊగడం లేదు, దగ్గేవాళ్ల వైపు తిరగడం లేదు. చుట్టూ ఉన్నవాళ్లు కదులుతున్నారు, అదొక్కటే రాయిలా ఉంది. పాట ముగిసి చప్పట్లు మోగినప్పుడు ఆ తల కొంచెం పక్కకి తిరిగింది. కాపా ముక్కు. కాపా గడ్డం కింద వేలాడే చర్మం. తాస్యా లేచి నిలబడింది. వెనకాయన "కూర్చోమ్మా, కనపడట్లేదు" అని విసుక్కున్నాడు. కూర్చుని మళ్లీ చూసేసరికి ఆ కుర్చీ ఖాళీ. ఎవరూ లేచి వెళ్లిన అలికిడి లేదు.

ఇంటికొచ్చేసరికి కాపా మంచంలోనే ఉంది. కాళ్ల దగ్గర మసిరంగు పిల్లి బారిన్. గదిలో వెచ్చగా, కొంచెం మత్తుగా ఉంది. తాస్యాని చూడగానే కాపా ఉలిక్కిపడింది.

"నువ్వు ఎప్పుడొచ్చావ్?"

"ఇప్పుడే కదా బామ్మా. బూట్లైనా విప్పలేదు."

"ఇప్పుడేనా? మరి ఇందాక..." అని ఆగిపోయి, కిటికీ వైపోసారి చూసి, దుప్పటి సర్దుకుంది. "సర్లే. టీ పెట్టుకో. పాపం, ఆ సెల్లో కుర్రాడు వేలికి కట్టుతోనే వాయించాడు కదూ?"

తాస్యా చేతిలో కెటిల్ ఆగిపోయింది. సెల్లో వాయించినవాడి ఎడమ చేతి వేలికి నిజంగానే తెల్లటి కట్టు ఉంది.

"అది నీకెవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావుగా, లోపలికి వస్తూనే."

తను చెప్పలేదు. చెప్పిందా? తల పగిలిపోతోంది, దేన్నీ గట్టిగా పట్టుకుని చెప్పలేకపోయింది. టీ తాగి పడుకుంది గానీ కళ్లు మూసుకుంటే పెద్దమ్మ అన్‌ఫీసా గొంతు వినిపించింది. తండ్రితోపాటు మంద వెంట వెళ్లినప్పుడు గుడారంలో ఆవిడ చెప్పిన మాటలు. ప్రతి మనిషితోపాటు ఇంకొకటి పుడుతుంది. దాన్ని ఓర్త్ అంటారు. అచ్చం మనలాగే ఉంటుంది, బతికినన్నాళ్లూ పక్కనే నడుస్తుంది, ఎవరికీ కనపడదు. కాలం దగ్గరపడ్డప్పుడు మాత్రం మనిషిని వదిలి, ఆ మనిషి జీవితమంతా తిరిగిన చోట్లన్నీ ఒక్కసారి తిరిగొస్తుంది, అడుగులు ఏరుకుంటున్నట్టు. అప్పుడు అయినవాళ్లకి కనపడుతుంది. "కనపడితే పిలవకు," అనేది పెద్దమ్మ. "పేరు పెట్టి పిలిస్తే తొందరపడుతుంది."

అడవులు చదివే పిల్లని, ఇవేం మాటలు అనుకుంటూ పడుకుంది. గోడ అవతల కాపా కూడా నిద్రపోలేదు. మంచం కిర్రుమంటూనే ఉంది.

శనివారం సంతకి వెళ్తుంటే కాపా మామూలుగా ఇచ్చే పురమాయింపులు ఇవ్వలేదు. ఎప్పుడూ చేప కళ్లు చూసి తీసుకో, క్యాబేజీ ఊరగాయ నోట్లో వేసుకుని చూడు అని వంద జాగ్రత్తలు చెప్పే మనిషి, ఆ రోజు తాస్యా కోటు గుండీలు తనే పెట్టి, చెంప నిమిరింది.

"రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసుకో తల్లీ."

"నేనేమైనా చిన్నపిల్లనా బామ్మా?"

"చిన్నపిల్లవే. ఇరవై ఏళ్లంటే ఏంటి, నా కుట్టుమిషను వయసు కూడా లేదు."

సంతలో జనం నోళ్లనుంచి ఆవిరి లేస్తోంది. కట్టెల్లా బిగుసుకుపోయిన చేపల్ని పేర్చి అమ్ముతున్నారు. దక్షిణాది వర్తకులు టోపీలు చెవులదాకా లాక్కుని, దానిమ్మపళ్ల మీద దుప్పట్లు కప్పి కూర్చున్నారు. తాస్యా నదిచేప తీసుకుని, ఉప్పు పుట్టగొడుగులమ్మే గ్లాఫీరా దగ్గరికి వచ్చింది. గ్లాఫీరాది గంపంత ఒళ్లు, సంతంత నోరు.

"ఏమే పిల్లా! మీ ముసలావిడ లేచి తిరుగుతోందే, ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"ఎవరు?"

"ఎవరేంటి, కాపా! ఇదిగో, నువ్వు నించున్న చోటే నించుంది. పీపా మీదికి వంగి వాసన చూసింది. 'ఏం అక్కా, తుంటి అతికిందా' అనడిగితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. థియేటర్ మనుషులకి గీర పోదు కాబోలు అనుకున్నా."

తాస్యా చుట్టూ చూసింది. "ఎటు వెళ్లింది?"

"మాంసం వరుసల వైపు. చేతికర్ర కూడా లేదే! పడుచుపిల్లలా నడుచుకుంటూ పోయింది."

తాస్యా పుట్టగొడుగులు తీసుకోకుండానే అటు నడిచింది. కొక్కేలకి వేలాడుతున్న రెయిన్‌డీర్ మాంసం మధ్య సన్నటి దారి. ఆ దారి చివర గోధుమరంగు శాలువ కుచ్చులు కనిపించాయి. ఊలు బూట్లు వేసుకున్న కాళ్లు తొందర లేకుండా, కుంటకుండా నడుస్తున్నాయి. దారిలో ఒక కసాయి కత్తి నూరుకుంటున్నాడు. శాలువ అతన్ని రాసుకునే వెళ్లింది, అతను తలెత్తలేదు.

పిలవకూడదని తెలుసు. గొంతు ఆగలేదు.

"కాపా బామ్మా!"

ఆ మనిషి ఆగింది. గాఢనిద్రలో ఉన్నవాళ్లకి తమ పేరు ఎక్కడో వినపడితే ఆగినట్టు ఆగింది. తిరగలేదు. తర్వాత మూల మలుపు తిరిగింది. తాస్యా పరుగెత్తి ఆ మూల చేరేసరికి అక్కడ ఖాళీ పెట్టెలు పేర్చిన గోడ తప్ప ఏమీ లేదు. దారి లేదు. పెట్టెల మీద రాత్రి పడ్డ మంచు చెదరకుండా ఉంది.

ఇంటికి ఎలా చేరిందో ఆమెకి తర్వాత గుర్తులేదు. తలుపు తీసి చూస్తే కాపా వంటగదిలో స్టూలు మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. తాస్యాకి ఏడుపొచ్చింది. కోటు విప్పి, పక్కన కూర్చుని, ఇంకో కత్తి తీసుకుంది. తాస్యా కళ్లు తుడుచుకుంటోంది. తలెత్తి చూస్తే కాపా కూడా కళ్లు తుడుచుకుంటోంది.

"ఉల్లిపాయలు కూడా కావు, ఏంటే మనకిది?" అంది కాపా, ముక్కు ఎగబీల్చి.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో జరిగినంత మర్యాద మునుపెన్నడూ జరగలేదు. కొత్త సంవత్సరానికని దాచిన మంచుపండ్ల జామ్ సీసా కాపా ఆ రోజే తెరిచేసింది. తాస్యా నీళ్లు వెచ్చబెట్టి ఆమె పాదాలు కడిగి, నూనె రాసింది. బాల్టీ తీసుకుని పంపు దగ్గరికి బయల్దేరబోతే కాపా అడ్డం పడింది. "వద్దు, అక్కడ మంచు పేరుకుపోయి ఉంటుంది. పొద్దున చూద్దాం." "పొద్దున మాత్రం మంచు కరుగుతుందా బామ్మా?" "వద్దన్నానా!" చివరికి కాపా మంచం కింద పెట్టె లాగించి, అందులోంచి గోధుమరంగు శాలువ తీసి తాస్యా ఒళ్లో పెట్టింది.

"ఇది ఇకనుంచి నీది."

తాస్యా దాన్ని పామును చూసినట్టు చూసింది. మడతలు కదలని శాలువ. మడతల మధ్య పొగాకు ఆకులు, పురుగు పట్టకుండా వేసినవి. వేసవి నుంచి పెట్టెలోంచి బయటికి రాలేదని చూస్తేనే తెలుస్తోంది.

"ఇప్పుడెందుకు బామ్మా? నాకొద్దు."

"కప్పుకో అంటున్నాగా. చలి. నిన్ను వెచ్చగా చూసుకోవాలనిపించింది, అంతే. అడక్కు."

వస్తువులు పంచిపెట్టడం కూడా మొదలుపెట్టేసింది అనుకుంది తాస్యా. తన కాలం దగ్గరపడిందని కాపాకి తెలిసిపోయింది కాబోలు. వద్దంటే బాధపడుతుందని కప్పుకుంది. కాపా ఆమె వైపు చూస్తూ, చూడలేక చూపు తిప్పుకుంది. ఆ చూపులో జాలి ఉంది. చనిపోబోయే మనిషి తనని చూసి జాలిపడటం ఏమిటో తాస్యాకి అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున ఇద్దరికీ వికారం. బారిన్ పాలు ముట్టలేదు. కాపా బుగ్గలు మాత్రం చిన్నపిల్లకి మల్లే ఎర్రగా ఉన్నాయి. పొయ్యి వెలిగించి, నిప్పులయ్యాక బిళ్ల తోసి, తాస్యా బ్యాలేకి తయారైంది. వెళ్లాలని లేదు. వెళ్లకపోతే కాపాకి అనుమానం వస్తుంది.

"ఈ రోజు మానెయ్యకూడదూ?" అంది కాపా.

మూడేళ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి.

"నువ్వు వద్దంటే మానేస్తా."

కాపా కిటికీ వైపు చూసింది. "కాదు. వెళ్లు. నలుగురిలో ఉంటేనే మంచిది. ఇక్కడ ఉండకు. వెళ్లు వెళ్లు."

థియేటర్ తలుపు దగ్గర రిమ్మా ఉంది. కాపాతో కలిసి పనిచేసిన మనిషి, ఇప్పుడు జనాన్ని కుర్చీల్లో కూర్చోబెట్టే పనిలో ఉంది. తాస్యా భుజాల మీది శాలువ చూసి కనుబొమలెత్తింది. "అమ్మో, కాపా తన శాలువ ఇచ్చేసిందా? ఆరోగ్యం బాగానే ఉందా దానికి?" తాస్యా తలూపి, పై అంతస్తులో తన చోటికి వెళ్లిపోయింది.

ఆ రోజు కథ నదిలో పడిపోయిన ఒక పెళ్లికూతురిది. నీలం దీపాల కింద నర్తకీమణులు నీటిలా కదులుతున్నారు. తాస్యా రంగం వైపే చూడాలని పట్టుబట్టి చూసింది. అయినా కంటి కొసలో ఏదో చేరింది. రంగానికి పక్కనే, తెర వెనక పనివాళ్లు వచ్చి నిలబడి చూసే చిన్న బాల్కనీ ఒకటుంది. మామూలుగా తాళం వేసి ఉంటుంది. అందులో కాపా నిలబడి ఉంది. రెండు చేతులూ కటకటాల మీద ఆనించి, నర్తకీమణుల గౌనుల అంచులే చూస్తున్నట్టు కొంచెం ముందుకి వంగి. భుజాల మీద గోధుమరంగు శాలువ.

తాస్యా చెయ్యి తన భుజం మీదికి పోయింది. శాలువ అక్కడే ఉంది. కుచ్చులు వేళ్లకి తగిలాయి. కింద బాల్కనీలోనూ అదే శాలువ, అవే కుచ్చులు.

వెనకనుంచి రిమ్మా వచ్చి చెవిలో గుసగుసలాడింది. ఆమె ఊపిరి వేడిగా తగిలింది. "కాపా ఎప్పుడొచ్చిందే? ఆ తలుపు తాళం నా దగ్గరే ఉంది, నేను తీయలేదు."

"నీకూ కనపడుతోందా?" అంది తాస్యా.

"కనపడకపోవడమేంటి?" అని రిమ్మా మళ్లీ కిందికి చూసింది. ఆమె మొహంలో రంగు దిగిపోయింది. కాపా ఇప్పుడు రంగం వైపు చూడటం లేదు. తలెత్తి తిన్నగా వీళ్ల వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, పలకరింపు లేదు. దేనికోసమో తొందరపెడుతున్నట్టుంది.

తాస్యా మొదటి అంకం పూర్తి కాకముందే మెట్లు దిగింది. కోటు గుండీలు పెట్టుకోలేదు. బస్సులో నిలబడలేక, కూర్చోలేక, రెండు స్టాపులు ముందే దిగి పరుగెత్తింది. మంచు మీద రెండుసార్లు పడింది. నేను పిలిచాను, పేరు పెట్టి పిలిచాను అని ఒకటే గోల లోపల.

మేడ తలుపు తోసి పైకి చూస్తే, మెట్ల పైన తమ వాటా తలుపు బయట, చెక్క నేల మీద కాపా కూర్చుని ఉంది. దుప్పటి చుట్టుకుని, కాళ్లకి ఊలు బూట్లు వేసుకుని, గోడకి ఆనుకుని. మంచు చలిలో పళ్లు టకటకమంటున్నాయి. తలుపు గట్టిగా మూసి, గడియ బయటనుంచి పెట్టి, ఆ గడియ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. తాస్యాని చూడగానే ముందుకి వంగింది. చెయ్యి చాచి, తాస్యా మొహం తడిమింది. బుగ్గలు, ముక్కు, చెవులు తడిమి చూసింది.

"బామ్మా, ఇక్కడేం చేస్తున్నావ్? లోపలికి పద."

"వద్దు!" కాపా ఆమె మణికట్టు పట్టుకుంది. "లోపలికి వెళ్లకు. లోపల నువ్వున్నావు."

తాస్యా తలుపు వైపు చూసింది. తలుపు అవతల ఏ చప్పుడూ లేదు.

"శుక్రవారం నుంచీ చూస్తున్నా," అంది కాపా వణుకుతూ. "నువ్వు బయటికెళ్లిన కాసేపటికి కిటికీ ముందు కుర్చీలో కూర్చుని ఉంటావ్. వీపు నా వైపు. పిలిస్తే పలకవు. జడ విప్పుకుని ఉంటావ్. మీ ఊళ్లో మాటే మా అమ్మ ఊళ్లోనూ ఉందే తాస్యా, నాకు తెలుసు అది ఏంటో. నిన్ను పోగొట్టుకుంటాననుకున్నా. ఇవాళ మాత్రం అది ఇటు తిరగబోయింది. మొహం చూస్తే ఇక అయిపోయినట్టే అనుకుని, గోడ పట్టుకుని, నేల మీద పాకి బయటపడ్డా."

తాస్యా నోరు తెరిచి, "నేను నిన్ను చూశాను" అనబోయింది. అంతలో తలుపు కింద ఏదో గీకిన చప్పుడైంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. మళ్లీ గీకుడు, నీరసంగా. ఆ తర్వాత చిన్న మూలుగు.

"బారిన్!" అంది కాపా. "అయ్యో, పిల్లిని మర్చిపోయా."

తాస్యా గడియ తీసింది. పిల్లి గడప దాటి రెండడుగులు వేసింది. తాగినవాడిలా ఒక పక్కకి ఒరిగి, పడి, మళ్లీ లేవబోయి పడింది. దాన్ని చూడగానే తాస్యాకి తల మీద చన్నీళ్లు కుమ్మరించినట్టయింది. ఊళ్లో ఒకసారి ఆవిరి స్నానాల గదిలో పొగ సరిగా పోక, పక్కింటి కుక్క ఇలాగే ఒరిగిపోయింది. లోపలున్న మనిషిని తీసేసరికి బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. మనిషి మాత్రం లేడు.

శాలువ ముక్కుకి చుట్టుకుని, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లింది. వంటగదిలో పొయ్యి దగ్గర ఇనుప బిళ్ల లాగేసింది. గదిలోకి వెళ్లి కిటికీ తెరవాలి. గడప దగ్గర ఒక్క క్షణం కాళ్లు ఆగాయి. కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు చాచి, కిటికీ ఉన్న వైపు నడిచింది. మోకాలికి కుర్చీ తగిలింది. ఎప్పుడూ బల్ల దగ్గర ఉండే కుర్చీ. దాన్ని పక్కకి నెట్టి, గడియ తడిమి, రెండు తలుపులూ బార్లా తెరిచింది. చలి కత్తిలా లోపలికి వచ్చింది. అప్పుడు కళ్లు తెరిచింది. గదిలో ఎవరూ లేరు.

కింది వాటాలో వెనియామిన్ అనే పాత లారీ డ్రైవరు ఉండేవాడు. అతని ఫోను నుంచి అంబులెన్సు పిలిచారు. వచ్చిన డాక్టరమ్మ ఇద్దరినీ పరీక్షించి, కాపాని కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండమంది.

"బొగ్గు గాలి, నిప్పుల్లోంచి పుట్టే విషవాయువు," అంది. "రంగుండదు, వాసనుండదు. రోజుల తరబడి కొంచెం కొంచెంగా పీల్చారు. ఈ రోజు గది నిండిపోయింది. ఆవిడ మంచంలోనే ఉండి ఉంటే మేం వచ్చి చేసేదేమీ ఉండేది కాదు. నువ్వు కూడా వచ్చి పడుకుని ఉంటే రేపు ఇద్దరినీ మోసేవాళ్లం."

"అది పీలిస్తే లేనివి కనపడతాయా?" అని తాస్యా అడిగింది.

"దయ్యాలూ దేవతలూ అందరూ కనపడతారు. తలకి రక్తంతో అందాల్సిన ప్రాణవాయువు అందదు కదా."

వెనియామిన్ పొగగొట్టం విప్పి చూస్తే లోపల ఒక ఇటుక ఊడి అడ్డం పడి ఉంది. దాని మీద ఏ పక్షో ఏళ్ల కిందట కట్టిన గూడు. మసి గడ్డకట్టి దారి దాదాపు మూసుకుపోయింది. "ఇదీ మీ దయ్యం," అని ఆ ఇటుకని బకెట్లో పడేశాడు.

కాపా ఆసుపత్రి నుంచి వచ్చాక గానీ తాస్యా తన సంగతి చెప్పలేదు. కచేరీ, సంత, బాల్కనీ అన్నీ చెప్పింది. కాపా చివరిదాకా విని, టీ ఊదుకుంటూ అంది:

"అంటే నేను పోతానని నువ్వు నా కాళ్లు కడిగావా?"

"నేను పోతానని నువ్వు జామ్ తెరిచావుగా."

"మంచి జామే పోయింది." కాపా కప్పు కింద పెట్టింది. "సరే, ఎవరూ పోవట్లేదు కదా. నా శాలువ ఇలా ఇచ్చెయ్యి."

"ఇకనుంచి నీదే అన్నావ్!"

"చచ్చిపోతావనుకుని ఇచ్చానే. బతికున్నవాళ్లకి ఎవరిస్తారు అంత మంచి శాలువ?"

ఇద్దరూ కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక గది మరీ నిశ్శబ్దమైపోయి, కాపా లేచి రేడియో పెట్టింది.

డాక్టరమ్మ మాట తాస్యా నమ్మింది. నమ్మాలని గట్టిగా అనుకుంది. గ్లాఫీరాని అడిగితే, "ఏమోనే, సంతలో రోజుకి వంద మంది ముసలాళ్లు. కాపాలాంటిది ఇంకొకతె అయి ఉంటుంది" అని తేల్చేసింది. ఆ జవాబు హాయిగా ఉంది. రిమ్మా మాత్రం తేల్చలేదు. ఆమె కిరుల్ పేటకి ఎప్పుడూ రాలేదు, ఆ ఇంటి గాలి పీల్చలేదు. బాల్కనీ సంగతి ఎత్తితే ఆమె శిలువ గుర్తు వేసుకుని మాట మార్చేది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కుర్చీని కిటికీ దగ్గరికి ఎవరు జరిపారని ఒకసారి తాస్యా అడిగింది. "నువ్వే కదా?" అంది కాపా. "నేను కాదు," అంది తాస్యా. ఆ తర్వాత ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

కాపా మెట్లు దిగడం మళ్లీ నేర్చుకుంది. నేల మీద పాకి బయటపడ్డదాన్ని మెట్లకి భయపడతానా అనేది. వసంతంలో తాస్యా చెయ్యి పట్టుకుని థియేటర్‌కి వెళ్లి, విరామంలో గౌనుల కుట్టు చూసి తిట్టిపోసి వచ్చింది. ఆ తర్వాత ఐదేళ్లు బతికింది. ఒక జూలై మధ్యాహ్నం, కిటికీలన్నీ తెరిచి ఉండగా, గూస్బెర్రీలు ఏరుతూ ఏరుతూ తల వాల్చేసింది. ముందుగా ఎవరికీ ఎక్కడా ఏమీ కనపడలేదు. అప్పటికి తాస్యా చదువు ముగించి ఉఖ్తా వైపు అడవుల శాఖలో చేరింది. కబురు అందుకుని రైల్లో వచ్చి, ముడిలో దువ్వెన తనే సర్దింది.

ఇప్పుడు తాస్యాకి నలభై దాటాయి. చెట్ల లెక్కకి వెళ్తే వారాల తరబడి అడవిలో ఒక్కతే ఉంటుంది, భయమనేది ఎరగదు. ఊళ్లో కచేరీ ఉందని తెలిస్తే ఇప్పటికీ పనులు వదిలేసి వెళ్తుంది. కాకపోతే ఎంత రద్దీ ఉన్నా, ఎవరితో గొడవపడైనా సరే, మొదటి వరుసలోనే కూర్చుంటుంది. మెడ నొప్పి పుడుతుందని మొగుడు సణుగుతాడు. ఆమె వినదు. తన ముందు ఎవరి తలా కనపడకూడదు, అంతే.